కంచెకు ఒక్క కొలత చాలు

పొలం చుట్టూ ముళ్లకంచె వేయించాలి. నాలుగు గట్లున్నాయి, ఎదురెదురు గట్లు సమాంతరంగా ఉన్నాయి. మూలలు మాత్రం మూలమట్టానికి లేవు, పొలం మొత్తం ఒక పక్కకు ఒరిగినట్టుంటుంది. పొడుగు గట్టుకూ పొట్టి గట్టుకూ నిష్పత్తి 5:4. పొడుగు గట్టు 110 గజాలు. తీగ ఎంత కొనాలి?

కాగితం అక్కర్లేని లెక్క ఇది. 110 గజాలు 5 వంతులైతే ఒక్కో వంతు 22 గజాలు. పొట్టి గట్టు 4 వంతులు కాబట్టి 88. రెండూ కలిపితే 198. ఎదురు గట్లు కూడా అంతే కనుక చుట్టుకొలత 396 గజాలు. మూడు వరసల తీగ లాగితే 1,188 గజాలు, అంటే దాదాపు 1,086 మీటర్లు. కడీలకు చుట్టే తీగ, మూలల దగ్గర వృథా అయ్యేది అదనం.

ఈ లెక్క పూర్తయ్యేదాకా ఎవరికీ గుర్తుకు రాని ప్రశ్న ఒకటుంది: పొలం ఎంత ఒరిగి ఉంది? మూలలో కోణం 30 డిగ్రీలా, 60 డిగ్రీలా, 85 డిగ్రీలా? మనం అడగలేదు. అడగకపోయినా జవాబు వచ్చేసింది.

ఎందుకో నులక మంచం దగ్గర తేలిగ్గా కనిపిస్తుంది. మంచం పాతబడి కోళ్ల దగ్గర బిగువు తప్పాక ఒక మూలను కాలితో తోస్తే చట్రం పక్కకు ఒరుగుతుంది. నాలుగు పట్టెల పొడవులూ ఎక్కడివక్కడే ఉంటాయి, అంగుళం పెరగదు, అంగుళం తరగదు. నులక మాత్రం ఒక మూలవారగా బిర్రబిగుసుకుంటుంది, రెండో మూలవారగా వదులైపోతుంది. పట్టెల మొత్తం పొడవే చుట్టుకొలత. దానికి ఒరుగుడుతో పనిలేదు. ఒరిగినప్పుడు మారేవి రెండే: మూల నుంచి మూలకు ఉండే కర్ణాలు, లోపలి వైశాల్యం. తలుపు చట్రం బిగించిన వడ్రంగి టేపుతో రెండు కర్ణాలనూ కొలిచి, సమానంగా వచ్చాయో లేదో చూసుకునేది ఇందుకే. భుజాలను ఎన్నిసార్లు కొలిచినా చట్రం ఒరిగిన సంగతి బయటపడదు.

ఎదురు భుజాలు సమానమనే మాటను బడిలో నిర్వచనంలో భాగంగా అప్పజెప్పేస్తాం. నిర్వచనంలో ఉన్నది సమాంతరత ఒక్కటే. సమానమన్నది రుజువు చేయాల్సిన సంగతి. యూక్లిడ్ ‘ఎలిమెంట్స్’ మొదటి పుస్తకంలో 34వ ప్రతిపాదన ఆ పని చేస్తుంది. కర్ణం గీస్తే రెండు త్రిభుజాలు వస్తాయి, ఆ రెండూ సర్వసమానాలు, కాబట్టి ఎదురు భుజాలు సమానం. ఈ ఫలితం వల్ల నాలుగు తెలియని పొడవులు రెండైపోయాయి. నిష్పత్తి చెప్పగానే రెండు కాస్తా ఒకటైంది. ఇక ఎక్కడో ఒక కొలత చేతికందితే చాలు, చుట్టుకొలత మన చేతిలో ఉన్నట్టే. ఈ అధ్యాయంలో మిగతాదంతా ఆ ఒక్క కొలత ఎక్కడెక్కడ దాక్కుంటుందో వెతకడమే.

మన పూర్వీకులైతే పై లెక్కను ఇంకా తక్కువ మాటల్లో తేల్చేవారు. దాన్ని త్రైరాశికం అన్నారు. అందులో మూడు రాశులు: ప్రమాణం, ఫలం, ఇచ్ఛ. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించాలన్న సూత్రం 499 నాటి ఆర్యభటీయంలో ఉంది. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు కాబట్టి, మనవాళ్లు ఇలాంటి లెక్కలను తెలుగులోనే చేసుకోవడం కొత్తేమీ కాదు. మన పొలానికి వస్తే ప్రమాణం 5 వంతులు, ఫలం 110 గజాలు. ఇచ్ఛ, అంటే కావలసింది, నాలుగు గట్లూ కలిపిన 18 వంతులు. 110ని 18తో గుణించి 5తో భాగిస్తే 396. పొట్టి గట్టు పొడవు ఎంతో తెలుసుకోకుండానే తీగ కొనేయొచ్చు.

18 అన్న అంకె దగ్గర పిల్లలు తరచూ కాలు జారతారు. చుట్టుకొలత 90 మీటర్లు, భుజాల నిష్పత్తి 5:4, భుజాలెంత అని అడిగితే 50, 40 అని రాసేవాళ్లు ప్రతి తరగతిలోనూ ఉంటారు. త్రిభుజంలో మూడు భుజాల నిష్పత్తి ఇస్తే ఆ మూడూ కలిపితే చుట్టు పూర్తవుతుంది. ఇక్కడ 5, 4 కలిపితే సగం దూరమే నడిచినట్టు. సరైన జవాబు 25, 20. దీర్ఘచతురస్రం కూడా సమాంతర చతుర్భుజమే కనుక జాతీయ జెండాకూ ఇదే వర్తిస్తుంది. 2002 నాటి ఫ్లాగ్ కోడ్ ప్రకారం పొడవుకూ ఎత్తుకూ నిష్పత్తి 3:2. చుట్టుకొలత 10 వంతులు, గుండ్రటి సంఖ్య. 900 మిల్లీమీటర్ల పొడవు, 600 ఎత్తు ఉన్న జెండా అంచు మొత్తం సరిగ్గా 3 మీటర్లు. కోడ్‌లో ఉన్న అతి పెద్దది 6,300, 4,200 కొలతలది. దాని అంచు 21 మీటర్లు.

మళ్లీ పొలానికి వద్దాం. అక్కడ వంతు 22 గజాలని వచ్చింది కదా, క్రికెట్ పిచ్ పొడవు అంతే. 1620లో ఇంగ్లండులో ఎడ్మండ్ గుంటర్ ప్రవేశపెట్టిన సర్వే గొలుసు పొడవు కూడా అంతే. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న గళ్లు పది కలిస్తే ఒక ఎకరం, 4,840 చదరపు గజాలు. ఆంధ్రలో దాన్ని 100 సెంట్లంటారు, తెలంగాణలో 40 గుంటలంటారు. మన పొలం గట్లు అయిదు గొలుసులు, నాలుగు గొలుసులు. మూలలు మూలమట్టానికి ఉండి ఉంటే అది 20 గళ్లు, అంటే సరిగ్గా రెండెకరాలు. మూలలో కోణం 30 డిగ్రీలైతే? పొట్టి గట్టు 88 గజాలే కానీ, పొడుగు గట్ల మధ్య అడ్డంగా లంబంగా కొలిస్తే అందులో సగం, 44 గజాలే ఉంటుంది. వైశాల్యం 110ని 44తో గుణిస్తే వచ్చే 4,840. సరిగ్గా ఎకరం.

అవే గట్లు, అదే నిష్పత్తి, అదే 396 గజాల కంచె. లోపల మాత్రం రెండెకరాల బదులు ఒక ఎకరం. కంచె బిల్లు చూసి పొలం ఖరీదు కట్టేవాడు సగానికి సగం మోసపోతాడు.

ఇలా మోసపోవడం, మోసం చేయడం చాలా పాత సంగతే. క్రీస్తు శకం 5వ శతాబ్దంలో ఏథెన్సులో ఉన్న ప్రోక్లస్, యూక్లిడ్ మొదటి పుస్తకానికి రాసిన వ్యాఖ్యానంలో ఇలాంటివాళ్లను ప్రస్తావించాడు. ఉమ్మడి భూమి పంచుకునేటప్పుడు వాళ్లు చుట్టుకొలత ఎక్కువున్న ముక్కను తోటివాళ్లకిచ్చి, వైశాల్యం ఎక్కువున్నది తాము ఉంచుకునేవారట. పైగా నిజాయితీపరులన్న పేరు కూడా వాళ్లకే దక్కేది. అంతకు ఆరేడు వందల ఏళ్ల ముందే చరిత్రకారుడు పాలిబియస్ జనం చుట్టుకొలతను బట్టి ఊరి పరిమాణం లెక్కగట్టడం చూసి విసుక్కున్నాడు. మెగలోపొలిస్ ప్రాకారం చుట్టుకొలత 50 స్టేడియాలు, స్పార్టాది 48. అయినా స్పార్టా దానికి రెట్టింపు పెద్దదని చెబితే జనం నమ్మరని ఆయన గొడవ.

యూక్లిడ్ 35వ ప్రతిపాదన ఈ మోసానికి గణిత రూపం. ఒకే భూమి మీద, ఒకే జత సమాంతర రేఖల మధ్య ఉన్న సమాంతర చతుర్భుజాలన్నీ వైశాల్యంలో సమానం. 110 గజాల గట్టును కదలకుండా ఉంచి, ఎదురు గట్టును 44 గజాల దూరంలోనే ఉంచుతూ పక్కకు జరుపుతూ పోండి. నిటారుగా ఉన్నప్పుడు కంచె 308 గజాలు. వాలు గట్టు 88 అయ్యేదాకా జరిపితే 396. అది 176 అయ్యేదాకా జరిపితే 572. ఎంత జరిపినా లోపల అదే ఎకరం. కంచెకు మాత్రం పైన హద్దు లేదు.

ఈ ముప్పు మనవాళ్లకూ తెలుసు. 628లో బ్రహ్మగుప్తుడు చతుర్భుజ వైశాల్యానికి ఒక సులువైన పద్ధతి చెప్పాడు: ఎదురు భుజాల మొత్తాల్లో సగాలు తీసుకొని వాటిని గుణించడం. దాన్ని ఆయన సూక్ష్మమనలేదు, స్థూలమన్నాడు. మన పొలానికి ఆ స్థూల పద్ధతి వాడితే 110ని 88తో గుణించాలి, రెండెకరాలు వస్తుంది. ఉన్నది ఒకటి. 1150లో లీలావతి రాసిన భాస్కరుడికి ఈ విషయంలో ఓర్పు తక్కువ. కర్ణమో లంబమో చెప్పకుండా చతుర్భుజ వైశాల్యం ఇంత అని తేల్చమనేవాడు పిశాచమని తిట్టాడు, తేల్చేవాడు అంతకన్నా అన్యాయమన్నాడు. కోస్తా జిల్లాల సర్వే పటాల్లో పొలం మధ్యగా మూల నుంచి మూలకు గీత గీసి, దాని మీద నుంచి లంబాలు కొలిచి రాయడం ఈ అవసరం కొద్దీ వచ్చిందే. భాస్కరుడి కోపం వైశాల్యం అడిగేవాళ్ల మీద. చుట్టుకొలత అడిగేవాడికి ఆ తిట్టు తగలదు.

లంబాల మాట వచ్చింది కాబట్టి వాటితోనూ నిష్పత్తి పట్టొచ్చు. పొడుగు గట్ల మధ్య లంబదూరం 44 గజాలు, పొట్టి గట్ల మధ్య లంబదూరం 55 గజాలు. గట్లను కొలవలేదు, నిష్పత్తి ఎవరూ చెప్పలేదు. అయినా నిష్పత్తి 5:4 అని చెప్పేయొచ్చు. ఏ భుజాన్ని దాని లంబంతో గుణించినా వచ్చేది అదే వైశాల్యం కనుక, భుజాల నిష్పత్తి లంబాల నిష్పత్తికి విలోమం. పొడుగు గట్టుకు పొట్టి లంబం, పొట్టి గట్టుకు పొడుగు లంబం.

అయితే ఇక్కడ కొంచెం ఆగాలి. రెండు పొడవులు తెలిశాయి, నిష్పత్తి దొరికింది, చుట్టుకొలత వచ్చేసినట్టే అనిపిస్తుంది. రాలేదు. ఆ రెండు లంబదూరాలతోనే 55, 44 గజాల భుజాలున్న నిటారు పొలం కూడా ఉంటుంది. దాని కంచె 198 గజాలు, వైశాల్యం అరెకరం. అక్కడి నుంచి పొలాన్ని ఎంత వాలిస్తే కంచె అంత పెరుగుతుంది. కాబట్టి లంబాలు నిష్పత్తిని ఇవ్వగలవు కానీ పొడవును ఇవ్వలేవు. పట్టాదారు పుస్తకంలో ఎకరం అని రాసి ఉంటే అప్పుడు 4,840ని 44తో భాగించి 110 పట్టుకోవచ్చు, 55తో భాగించి 88 పట్టుకోవచ్చు. ఆ ఒక్క కొలత ఈసారి వైశాల్యం వేషంలో వచ్చిందన్నమాట.

నాకు అన్నింటికన్నా ఇష్టమైన వేషం కోణ సమద్విఖండన రేఖది. పరీక్ష పత్రాలు రాసేవాళ్లకూ ఇది ఇష్టమే, కారణం వేరనుకోండి. కచటత ఒక సమాంతర చతుర్భుజం. క మూలలోని కోణాన్ని సగం చేసే గీత చట భుజాన్ని ప దగ్గర తాకింది. చప, పట ముక్కల నిష్పత్తి 3:2. చట మొత్తం పొడవు 20. చుట్టుకొలత ఎంత?

3:2 కనిపించగానే దాన్ని భుజాల నిష్పత్తి అనుకొని లెక్క మొదలుపెట్టాలనిపిస్తుంది. అది ఒక భుజం రెండు ముక్కలైన నిష్పత్తి మాత్రమే. రెండో భుజం గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. బొమ్మ గీసి కాసేపు చూస్తే తప్ప అది బయటికి రాదు. కత, చట సమాంతరాలు. కప వాటిని అడ్డంగా కోస్తోంది. కాబట్టి క దగ్గర కత, కప ల మధ్య ఉన్న కోణం, ప దగ్గర చప, కప ల మధ్య ఉన్న కోణం ఏకాంతర కోణాలు, సమానం. మొదటిది క కోణంలో సగం. రెండో సగం కచ, కప ల మధ్య ఉంది. అంటే కచప త్రిభుజంలో రెండు కోణాలు సమానం, వాటికెదురుగా ఉన్న కచ, చప భుజాలూ సమానం. చప 3 వంతులు కనుక కచ కూడా 3 వంతులే. చట మొత్తం 5 వంతులు. అసలు భుజాల నిష్పత్తి 3:5. చుట్టూ 16 వంతులు, వంతుకు 4, మొత్తం 64. ఇదంతా కచ కన్నా చట పొడుగైనప్పటి మాట. పొట్టిదైతే గీత చట భుజాన్ని తప్పించుకొని టత భుజాన్ని తాకుతుంది.

ఇది పరీక్షల కోసం పుట్టించిన లెక్కలా కనిపిస్తుంది కానీ పొలంలోనూ పనికొస్తుంది. పొట్టి గట్టు నిండా తుమ్మ కంప పెరిగి, టేపు పట్టుకొని చివరిదాకా పోలేమనుకోండి. వాడి కోణం ఉన్న మూలలో నిలబడి రెండు గట్ల మీదా పదేసి గజాలు కొలిచి గుంజలు పాతండి. రెండు గుంజలకూ మధ్య తాడు కట్టి, తాడుకు సరిగ్గా నడుమ మూడో గుంజ పాతండి. మూలలో నిలబడి మూడో గుంజ మీదుగా చూపు సారిస్తే ఆ చూపు ఎదురుగా ఉన్న పొడుగు గట్టును ఎక్కడో తాకుతుంది. కంపతో నిండిన గట్టు ఆ పొడుగు గట్టును కలిసే మూల నుంచి అక్కడికి ఎంత దూరమో, కంప గట్టు పొడవు అంత. మన ఎకరం పొలంలోనైతే అది 88 గజాలు రావాలి.

కర్ణాలు తెలిస్తే సంగతి ఇంకోలా ఉంటుంది. ఏ సమాంతర చతుర్భుజంలోనైనా రెండు కర్ణాల వర్గాల మొత్తం నాలుగు భుజాల వర్గాల మొత్తానికి సమానం. దీర్ఘచతురస్రంలో రెండు కర్ణాలూ ఒకటే కనుక ఈ మాట బౌధాయనుడి శుల్బసూత్రంలో ఉన్న, మనం పైథాగరస్ పేరుతో చదువుకునే సిద్ధాంతంగా కుదించుకుపోతుంది. భుజాల నిష్పత్తి 4:7, కర్ణాలు 70, 90 గజాలు అనుకుందాం. కర్ణాల వర్గాలు 4,900, 8,100, మొత్తం 13,000. భుజాల వర్గాలు వంతుల్లో 16, 49, అవి రెండేసి సార్లు కలిపితే 130. కాబట్టి వంతు వర్గం 100, వంతు 10 గజాలు. చుట్టూ 22 వంతులు, 220 గజాలు. ఇక్కడ రెండు కర్ణాలూ కావాలి. ఒకటే తెలిస్తే ఒరుగుడును బట్టి జవాబు మారిపోతుంది.

ఒకే కర్ణంతో పని జరిగేది మూలలు నిటారని ముందే తెలిసినప్పుడు. టీవీలు అమ్మేవాళ్లు చెప్పే అంగుళాలు ఆ కర్ణానివే. పాత డబ్బా టీవీల తెర నిష్పత్తి 4:3, కర్ణం సరిగ్గా 5 వంతులు. 20 అంగుళాల తెరంటే 16, 12, చుట్టూ 56 అంగుళాలు. ఇప్పటి 16:9 తెరకు 16, 9 ల వర్గాలు కలిపితే 337. దాని వర్గమూలం చక్కటి సంఖ్య కాదు, 18.36 దగ్గర ఉంటుంది. చుట్టుకొలత కర్ణానికి దాదాపు 2.72 రెట్లు. 43 అంగుళాల టీవీ వెనక చుట్టూ రంగు లైట్ల పట్టీ అంటించాలంటే 117 అంగుళాలకు కాస్త పైన కొనాలి.

ఇప్పటిదాకా ఎదురు గట్లు సమాంతరంగా ఉన్న పొలాల గురించే మాట్లాడాం. నిజానికి అలాంటి పొలాలు ఎన్నుంటాయి? వాగు పక్కది ఒక తీరు, డొంక పక్కది ఒక తీరు. ఇక్కడ ఫ్రాన్సుకు చెందిన పియర్ వారిన్యోన్ సాయానికొస్తాడు. ఆయన 1722లో చనిపోయాడు, ఈ ఫలితం 1731లో అచ్చయింది. నాలుగు గట్లున్న ఏ పొలమైనా తీసుకొని, ఒక్కో గట్టు నడుమ ఒక్కో గుంజ పాతి, వరసగా నాలుగు గుంజలకూ తాడు చుట్టండి. గట్లు ఎంత అడ్డదిడ్డంగా ఉన్నా తాడు మాత్రం సమాంతర చతుర్భుజమే అవుతుంది. కారణం చిన్నదే. త్రిభుజంలో రెండు భుజాల మధ్యబిందువులను కలిపే గీత మూడో భుజానికి సమాంతరంగా, అందులో సగంగా ఉంటుంది. పొలం కర్ణం ఒక్కోటీ దాన్ని రెండు త్రిభుజాలుగా కోస్తుంది కనుక, తాడు భుజాలు ఒక్కో కర్ణానికీ రెండేసి చొప్పున సమాంతరంగా, సగం పొడవుతో వస్తాయి.

దాంతో భుజాల నిష్పత్తి కర్ణాల నిష్పత్తే అయింది. తాడు చుట్టుకొలత రెండు కర్ణాల మొత్తం. కర్ణాలు 120, 90 గజాలైతే నిష్పత్తి 4:3, భుజాలు 60, 45, తాడు 210 గజాలు. లోపల ఉన్నది పొలంలో సరిగ్గా సగం. సగం పొలంలో కూరగాయలు వేసి దానికొక్కదానికే కంచె కట్టాలనుకుంటే గట్లు కొలవక్కర్లేదు, మూల నుంచి మూలకు రెండుసార్లు నడిస్తే చాలు. ఒక మూల లోపలికి నొక్కుకుపోయిన పొలంలో కూడా లెక్క ఇదే. అప్పుడు మాత్రం కర్ణాల్లో ఒకటి పక్కాయన పొలంలోంచి పోతుంది, కొత్త కంచెలో ఒక ముక్క కూడా అక్కడే పడుతుంది.